పూతరేకుల పెట్టెకు రెండు కిలోల కిరాయి: ఒక తూకం తేడా వివాదం

రావులపాలెంలో చిన్న వ్యాపారుల పద్దులు రాయడం, జీఎస్టీ రిటర్నులు వేయడం నా వృత్తి. కొబ్బరి, అరటి, ఇటుక బట్టీల లెక్కలే ఎక్కువగా చూసే నా దగ్గరికి, ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునేవారు రావడం ఇటీవలి మార్పు. అలా వచ్చిన ఒకరి కేసు ఇది. కొరియర్ కిరాయిని పార్సిల్ వెళ్లిపోయాక సవరించి అదనంగా కోసుకునే పద్ధతి మీద వచ్చిన తగాదా కాబట్టి, ఇదే ఇబ్బంది పడుతున్న ఇతరులకు పనికొస్తుందని రాస్తున్నాను. వ్యాపారి ఎవరో, కొరియర్ వేదిక ఏదో చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలు లేకుండా రేట్లను సర్ది, లెక్క తేలికగా అర్థమయ్యేందుకు పార్సిళ్లన్నిటికీ ఒకే జోన్ రేటు (దూరాన్ని బట్టి మారే రేటు) వేశాను.

నేపథ్యం

ఆమె వయసు యాభైకి దగ్గర. ఆత్రేయపురం చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఇళ్లలో జరిగే పనే ఆమె ఇంట్లోనూ జరుగుతుంది: వేడెక్కిన కుండ మీద పలుచటి బియ్యం పిండిలో ముంచిన గుడ్డను లాగి రేకు తీయడం, ఆ రేకుల్లో నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం పొడి వేసి చుట్టడం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆమెతో పాటు మరో ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. బయటి ఆర్డర్ల సంగతి, ఫోను, కంప్యూటర్ పని డిగ్రీ చదువుతున్న కొడుకు చూసుకుంటాడు. హైదరాబాద్‌కు సరుకు పంపడం అంటే వేరే రాష్ట్రానికి అమ్మకం కనుక, చిన్న వ్యాపారమే అయినా మామూలు పద్ధతిలో జీఎస్టీ నమోదు తీసుకోక తప్పలేదు. నాతో పరిచయం ఆ నమోదు దగ్గరే మొదలైంది.

పార్సిళ్లు వాళ్లు నేరుగా కొరియర్ కంపెనీకి ఇవ్వరు. చాలా కొరియర్ కంపెనీల సేవలను ఒకేచోట చూపించే వేదికలో ముందుగా వాలెట్‌లో డబ్బు వేసుకుని, ప్రతి పార్సిల్‌కూ బరువు, పొడవు, వెడల్పు, ఎత్తు నమోదు చేస్తే, ఆ ప్రకారం కిరాయి వాలెట్‌లోంచి కోసుకుని లేబుల్ ఇస్తారు. రేటు అరకిలో శ్లాబుల్లో ఉంటుంది: మొదటి అరకిలోకు 42 రూపాయలు, ఆపై ప్రతి అరకిలోకు, లేదా అందులో కొంత భాగానికైనా, 32 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ.

రెండు రకాల పెట్టెలు వాడేవారు. పది పూతరేకుల చిన్న పెట్టె బయటి కొలత 20×14×8 సెంటీమీటర్లు, తూకం 460 గ్రాములు. పదేసి రేకుల డబ్బాలు రెండు పట్టే పెద్ద పెట్టె 27×20×15 సెంటీమీటర్లు, తూకం 900 గ్రాములు. చిన్నదాన్ని అరకిలోగా, పెద్దదాన్ని కిలోగా నమోదు చేసేవారు. కొలతల గడుల్లో మాత్రం, ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు కనుక, కొడుకు తోచిన అంకెలు, అంటే పదికి పది, ఐదుకు ఐదు, వేస్తూ వచ్చాడు. అసలు మూలం ఇదే అని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి ఎవరికీ అదొక సంగతిగా కనిపించలేదు.

సమస్య

సంక్రాంతికి ముందు రెండు నెలల్లో వాళ్లు పంపిన పార్సిళ్లు 640. వాలెట్‌లో డబ్బు వేసిన వెంటనే ఖాళీ అవుతోందని, ఎన్నిసార్లు నింపినా నిలవడం లేదని కొడుకు ఒకటి రెండుసార్లు అన్నాడట గానీ, పండగ ఆర్డర్ల ఒత్తిడిలో ఎవరూ పట్టించుకోలేదు. భోగికి పది రోజుల ముందు వాలెట్ నిల్వ సున్నా కంటే కిందికి పోయి, పికప్ ఆగిపోయింది. గాలి తగిలితే మెత్తబడిపోయే సరుకు కట్టి ఉంది. రెండు రోజులు ఇంటి వసారాలో పేర్చి ఉంచి, అప్పు చేసి వాలెట్ నింపాక గానీ బండి రాలేదు.

పండగ అయ్యాక ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. “మిల్లు దగ్గర తేమ పేరు చెప్పి బస్తాకి తరుగు తీసినట్టే తీసేస్తన్నారండి ఆడిటరు గారూ. తొమ్మిది వందల గ్రాములుంటే రెండు కిలోలంటారేంటండీ?” అన్నది ఆమె మొదటి మాట. ఆ పోలికను నేను మరిచిపోలేదు, ఎందుకంటే దాంట్లో సగం నిజం, సగం పొరపాటు ఉన్నాయి. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యం తేమకు హద్దు 17 శాతం, అది దాటితే తరుగు తీస్తారు. 17 లోపల ఉన్నా తీయడం దోపిడీ. మిల్లు దగ్గర రైతు గొడవపడి గెలవాలంటే తన ధాన్యం తేమ ఎంతో ముందు తనకు తెలియాలి. వీళ్లకు తమ పెట్టె తేమ, అంటే దాని ఘనపరిమాణం, తెలియదు.

అంతకుముందే వాళ్లు చేసింది

నా దగ్గరికి రాకముందే కొడుకు కొంత పోరాడాడు. నమోదు చేసిన బరువు కంటే ఎక్కువ వేసి అదనంగా కోసిన ప్రతి పార్సిల్‌కూ వేదికలో ఒక ‘తేడా’ నమోదవుతుంది, దాని పక్కన ‘వివాదం’ అనే బటన్ ఉంటుంది. మొదటి నెలలో దాదాపు అరవై తేడాలకు ఆ బటన్ నొక్కి, వంటింటి కాటా మీద పార్సిల్ పెట్టి తీసిన ఫొటో ఒకటి జతచేసి, “అసలు బరువు 900 గ్రాములే” అని ఒకే వాక్యం రాశాడు. అన్నీ తిరస్కరణకు గురయ్యాయి. విసిగిపోయి రెండో నెల నుంచి నొక్కడమే మానేశాడు. ఈ ఒప్పందంలో తేడా నమోదైన 7 పనిదినాల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అందువల్ల చాలా వాటికి గడువు ఎప్పుడో దాటిపోయింది.

అతని ఫొటో ఎందుకు పనికిరాలేదో ఇక్కడే చెప్పడం మంచిది. విమానంలోనైనా లారీలోనైనా స్థలం కూడా అమ్ముడుపోయే సరుకే. దూది మూట తూకానికి తేలికే అయినా బండి నింపేస్తుంది. అందుకే కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిన కిలోలను వాల్యుమెట్రిక్ బరువు అంటారు. భాజకం ఎంతన్నది ఒప్పందాన్ని బట్టి మారుతుంది, ఈ కేసులో అది 5000. కాటా మీద బరువు, ఈ వాల్యుమెట్రిక్ బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. ఈ పెద్ద పెట్టె లెక్క చూడండి: 27ను 20తో, దాన్ని 15తో గుణిస్తే 8100. దాన్ని 5000తో భాగిస్తే 1.62 కిలోలు. అరకిలో శ్లాబుల్లో అది రెండు కిలోలు. అంటే కాటా 900 గ్రాములు చూపించిందన్న ఫొటో, ఎవరూ కాదనని విషయానికి సాక్ష్యం తెచ్చినట్టు. పైగా ఇంటి కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండదు. 2009 నాటి చట్టం కింద వ్యాపార లావాదేవీకి వాడే కాటాకు ఆ ముద్ర ఉండాలి. కానీ ఈ వివాదంలో ఆ లోపం దాకా వెళ్లే అవసరమే రాలేదు, మొదటిదే సరిపోయింది.

లెక్క తీయడం, నేను చేసిన తప్పు

ముందు చేయాల్సింది పద్దు. వాలెట్ పుస్తకంలో కోతలు మొత్తాలుగా పడతాయి, ఏ పార్సిల్‌కు ఎంతో కనిపించదు. పైగా తేడా నమోదయ్యేది పార్సిల్ వెళ్లిన కొన్ని రోజుల తర్వాత. ఆర్డర్ల నివేదిక, తేడాల నివేదిక, కిరాయి ఇన్‌వాయిస్ మూడింటినీ దించుకుని, ప్రతి పార్సిల్ మీద ఉండే ఏడబ్ల్యూబీ నంబరును (కొరియర్ ట్రాకింగ్ నంబరును) తాళంచెవిగా పెట్టి ఎక్సెల్‌లో ఒక పట్టికగా కలిపాను. ఒక పూట పని. తేలింది ఇది: 640లో 212 పార్సిళ్లకు తేడా వేశారు, మొత్తం 485 అదనపు శ్లాబులు, 15,520 రూపాయలు, జీఎస్టీతో 18,313 రూపాయల 60 పైసలు.

ఆమె నమోదైన వ్యాపారి కనుక జీఎస్టీ భాగం ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, తిరిగి వస్తుంది, అసలు నష్టం 15,520. ఇది చిన్న మొత్తంగా కనిపించవచ్చు. పెద్ద పార్సిల్ ఒక్కోదాని మీద తనకు 110 రూపాయలు మిగులుతుందని ఆమె నోటి లెక్క. అందులోంచి రెండు శ్లాబులకు 64 పోతే 46. ఇంకో శ్లాబు పోతే 14. ఆరుగురి కూలీ ఇచ్చాక రెండు నెలలు కుండ ముందు కూర్చున్నందుకు ఆమెకు వచ్చింది అదీ.

ఆ రోజు 58 తేడాలకు ఇంకా గడువు మిగిలి ఉంది. కొన్నిటికి మర్నాటితో ఆఖరు. తొందరలో నేను వృత్తిలో ఎప్పుడూ చేయకూడని పని చేశాను: వర్గాలుగా విడదీయకుండా, 58కీ కలిపి ఒకే పట్టిక, ఒకే వాదన, పెట్టె ఫొటోలు కొన్ని జతచేసి మూకుమ్మడిగా వివాదం వేశాను. గడువు పోకూడదన్నది నా తర్కం. రెండు రోజుల్లో అన్నిటికీ ఒకే వాక్యంతో తిరస్కరణ వచ్చింది. చూసే మనిషికి మొదటి ఐదారు పెద్ద పెట్టెలు కనిపించి ఉంటాయి, వాటి కొలతలు సరిగ్గానే ఉన్నాయి, మిగతావీ అంతే అనుకుని ఉంటాడు. ఆ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. న్యాయమైన కోత మీద గొడవపడితే అన్యాయమైన కోత మీది గొడవకు కూడా విలువ పోతుంది.

మూసేసిన వివాదాన్ని ఒక్కసారి మాత్రం పైస్థాయికి పంపవచ్చు. ఆ ఒక్క అవకాశాన్ని వాడకముందు, 212ను తిరిగి మూడు కుప్పలు చేశాను.

మూడు కుప్పలు

మొదటిది 151 పార్సిళ్లు. అన్నీ పెద్ద పెట్టెలు, అన్నిటికీ హబ్‌లో, అంటే కొరియర్ పార్సిళ్లను వేరుచేసే కేంద్రంలో, పడిన కొలత 27×20×15 లేదా దానికి ఒక సెంటీమీటర్ అటూఇటూ, అన్నిటికీ రెండు కిలోలు. టేపు తెచ్చి ఆమె ముందే కొలిచాం. కొరియర్ వేసినది సరైనదే. 302 శ్లాబులు, 9,664 రూపాయలు. మొత్తం నష్టంలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. ఇందులో ఒక్క రూపాయి కూడా తిరిగి రాదని, అడగడం కూడా తగదని చెప్పినప్పుడు ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. కొడుకు మాత్రం, పికప్‌కు వచ్చిన కుర్రాడు రోజూ పెట్టెలను చూస్తూ కూడా చెప్పలేదే అన్నాడు. అతని పని లేబుల్ స్కాన్ చేసి బండిలో వేసుకోవడం వరకే. కొలిచేది హబ్‌లో బెల్టు మీద, కెమెరాలు, లేజర్లు ఉన్న యంత్రం.

రెండోది 38 పార్సిళ్లు. ఇవీ పెద్ద పెట్టెలే గానీ వీటికి రెండున్నర కిలోలు వేశారు. హబ్ కొలత 36×20×15. పొడవులో 9 సెంటీమీటర్లు ఎక్కడినుంచి వచ్చాయి? ఈ కుప్పే కచ్చితంగా గెలుస్తామని నేను నమ్మింది, ఎందుకంటే పెట్టె పొడవు 27 అనడానికి పెట్టెల తయారీదారు బిల్లు ఉంది. హబ్ ఫొటో తెప్పించుకుని చూశాక నమ్మకం పోయింది. ఆ రోజుల్లో వాన పడుతోందని, పెట్టె తడవకుండా పైన ప్లాస్టిక్ కవరు తొడిగారు. కవరు పొడవుగా ఉంది. మిగిలిన అంచును మడిచి టేపు వేయకుండా వదిలేశారు. బెల్టు మీద ఆ అంచు చెవిలా నిలబడింది. యంత్రం వస్తువు ఒక చివర నుంచి ఇంకో చివరకు కొలుస్తుంది, ఆ చివర అట్టదా ప్లాస్టిక్‌దా అని చూడదు. 36ను 20తో, 15తో గుణిస్తే 10,800, అంటే 2.16 కిలోలు, శ్లాబు ప్రకారం రెండున్నర. ఒప్పందంలో కూడా “ప్యాక్ చేసిన స్థితిలో అత్యధిక కొలత” అనే ఉంది. ఖాళీ ప్లాస్టిక్ అంచుకు కిరాయి వేయడం సమంజసమా అంటే కాదనే ఇప్పటికీ అంటాను. కానీ సమంజసం కాకపోవడం వేరు, ఒప్పందానికి విరుద్ధం కావడం వేరు. ఈ 38నీ వివాదం నుంచి తీసేశాను.

మూడోది 23 పార్సిళ్లు. వీటిని అరకిలో చిన్న పెట్టెలుగా నమోదు చేస్తే రెండు కిలోలు వేశారు. హబ్ కొలతగా చూపించింది 27×20×15, సరిగ్గా పెద్ద పెట్టె కొలత, ఒక్క మిల్లీమీటర్ తేడా లేకుండా 23 సార్లు. నిజంగా కొలిస్తే అంకెలు కొద్దిగానైనా ఊగుతాయి. మొదటి కుప్పలో 26, 28, 15, 16 అంటూ ఊగాయి కూడా. ఊగని అంకె కొలిచిన అంకె కాదు, ఎక్కడినుంచో తెచ్చి వేసిన అంకె అన్న అనుమానం ఇక్కడే కలిగింది. చిన్న పెట్టె లెక్క ప్రకారం 20×14×8 అంటే 2240, దాన్ని 5000తో భాగిస్తే 0.448, తూకం 460 గ్రాములు. ఎలా చూసినా అరకిలో దాటదు. 69 శ్లాబులు, జీఎస్టీతో 2,605 రూపాయల 44 పైసలు. పార్సిల్ మీద 55 రూపాయలు మిగిలే చోట 96 కోశారు కనుక, ఈ 23 అమ్మకాల్లో ఆమె ఎదురు డబ్బు ఇచ్చి పంపినట్టే అయింది.

ఫలించినది

మూడో కుప్పలో గడువున్నవి 14. వీటికోసం పైస్థాయికి రాసిన లేఖలో మొదటి పేరా మొత్తం ఒప్పుకోలు. మా పెద్ద పెట్టెలకు వేసిన తేడాలు సరైనవేనని కొలిచి నిర్ధారించుకున్నామని, వాటిపై అభ్యంతరం లేదని, ప్లాస్టిక్ కవరు వేసినవాటి మీద కూడా ఉపసంహరించుకున్నామని రాశాను. రెండో పేరాలో ఒకే ప్రశ్న: ఈ 14 పార్సిళ్లను యంత్రం కొలిచినప్పటి ఫొటోలు పంపగలరా? ఆమెకు ఆ మొదటి పేరా నచ్చలేదు. అడక్కుండా తప్పు ఒప్పుకుంటే ఇంకా వేస్తారేమోనని భయపడింది. ఒప్పుకున్నవి ఎలాగూ కోసేసినవే కనుక కొత్తగా పోయేదేమీ లేదని, చదివే మనిషికి మనం లెక్క తెలిసి మాట్లాడుతున్నామని తెలియాలని నచ్చజెప్పాను.

వారం తర్వాత ఒక మేనేజర్ స్వయంగా ఫోన్ చేశాడు. 14లో మూడింటికే ఫొటోలున్నాయి. ఆ మూడూ తెరిచి చూస్తే మా ముగ్గురికీ నోట మాట రాలేదు: చిన్న లేబుల్, పెద్ద పెట్టె. చిన్న పెట్టెలు అయిపోయిన రోజున పది రేకుల ఆర్డర్‌ను పెద్ద పెట్టెలో పెట్టి, ఖాళీ జాగాలో వార్తాపత్రికలు కుక్కి పంపామని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ మూడూ వదులుకున్నాం.

మిగతా 11కు ఫొటోలు లేవు, కొలిచిన దాఖలా కూడా లేదు. మేనేజర్ చెప్పిన కారణం ఇది. కొడుకు చిన్న, పెద్ద రెండు రకాలకూ ‘పూతరేకులు’ అని ఒకే ఎస్‌కేయూ పేరు (సరుకు రకాన్ని గుర్తించే పేరు) పెట్టాడు. ఆ పేరుతో వచ్చిన పార్సిళ్లు వరసగా 27×20×15గా కొలతకు రావడంతో, వాళ్ల వ్యవస్థ ఆ పేరుకు ఆ కొలతనే స్థిరపరిచి, కొలవని వాటికి కూడా వర్తింపజేసింది. అంటే మా సోమరితనానికి వాళ్ల సోమరితనం తోడైంది. 11కూ డబ్బు తిరిగి వేశారు: 33 శ్లాబులకు 1,056, జీఎస్టీ 190 రూపాయల 8 పైసలు, మొత్తం 1,246 రూపాయల 8 పైసలు. దీనికి క్రెడిట్ నోట్ (పాత బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) వచ్చింది కనుక, అంతకుముందు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌లోంచి ఆ 190 రూపాయల 8 పైసలు వెనక్కి ఇచ్చాను. వాలెట్‌లో డబ్బు పడగానే సంబరపడి ఈ సర్దుబాటు మరిచిపోయేవారిని చాలామందిని చూశాను.

గడువు దాటిన 9కీ కారణం అదే, తప్పు అదే. అయినా ఇవ్వలేదు. రెండుసార్లు రాశాను, గడువు నిబంధనే చూపించారు. వినియోగదారుల కమిషన్ సంగతి కొడుకు ఎత్తాడు. వ్యాపారం కోసం తీసుకున్న సేవకు ఆ తలుపు సులువుగా తెరుచుకోదు. తెరుచుకున్నా వెయ్యి రూపాయల చిల్లర కోసం తిరిగే తిరుగుడులో రేకులు తీసే రోజులు ఎన్ని పోతాయో లెక్క వేసి చూపించాను. అక్కడితో ఆపాం.

పెట్టె మార్చడం

తిరిగి వచ్చింది 18 వేలలో 1,246. ఇక్కడితో కేసు ముగిస్తే నా ఫీజుకు కూడా సరిపోదు. రెండు కిలోల శ్లాబు నుంచి పెద్ద పెట్టెను కిందికి దించడమే అసలు పని.

లోపలి డబ్బాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే 24×17×10. కిలో శ్లాబులో ఉండాలంటే ఘనపరిమాణం 5000 దాటకూడదు. 25×18×11 అయితే 4950, అంటే 0.99 కిలో. కాగితం మీద అద్భుతంగా ఉంది. రాజమండ్రిలో పెట్టెలు చేసేవారికి ఆ కొలత చెప్పి 200 చేయించాం. వచ్చాక టేపు పెట్టి కొలిస్తే బయటి కొలత 25.6×18.6×11.6. పెట్టెలు చేసేవారికి కొలత అంటే లోపలి కొలత, ఎందుకంటే వాళ్లను అడిగేవారు సరుకు పట్టాలని అడుగుతారు. కొరియర్‌కు కొలత అంటే బయటిది. మూడు పొరల అట్ట మందం దాదాపు మూడు మిల్లీమీటర్లు, రెండు వైపులా కలిపి ఆరు. ఘనపరిమాణం 5523, శ్లాబు మళ్లీ కిలోన్నర. దీనికితోడు చుట్టూ అర సెంటీమీటరే జాగా ఉండటంతో, పరీక్షకు హైదరాబాద్‌లోని బంధువులకు పంపిన పదిలో నాలుగింటిలో రేకులు నలిగాయి. కిరాయి తగ్గలేదు, సరుకు చెడింది. నా సలహా మీద ఆమె ఖర్చు పెట్టిన డబ్బు అది. ఆ పెట్టెలు చాలావరకు ఇప్పటికీ వాళ్ల అటక మీద ఉన్నాయి.

అప్పుడు ప్రశ్నను మార్చుకున్నాం. కిలోకు దించాలన్న పట్టుదల వదిలి, కిలోన్నర శ్లాబులో సరుకుకు గరిష్ఠ రక్షణ ఎంత ఇవ్వగలమని అడిగాం. కిలోన్నరకు హద్దు 7500. బయటి కొలత 27×20×13 అయితే 7020, సరిపోతుంది. కానీ పైమూత కాస్త ఉబ్బి ఎత్తు 14కు వస్తే 7560 అయి హద్దు దాటుతుంది. పెట్టె ఉబ్బడం రోజూ జరిగేదే, ముఖ్యంగా పైన కాగితాలు ఎక్కువ కుక్కితే. అందుకని 26×19×13 ఎంచుకున్నాం: 6422, అంటే 1.284 కిలోలు. ఒక సెంటీమీటర్ ఉబ్బినా 6916 దగ్గర ఆగుతుంది. లోపల పక్కలకు ముప్పావు సెంటీమీటర్‌కు కొద్దిగా తక్కువ, పైనా కిందా ఒక్కో సెంటీమీటర్‌కు పైగా జాగా మిగిలింది. కిందా పైనా బబుల్ కవరు ఒక్కో పొర వేసి, మళ్లీ పది పంపిస్తే అన్నీ బాగానే చేరాయి. ఈసారి పెట్టెలవారికి “బయటి కొలత” అని కాగితం మీద రాసిచ్చాం.

ఆపైన ధర. కిలోన్నరకు కిరాయి 106 రూపాయలు. వినియోగదారుల దగ్గర పన్ను మినహా 80 తీసుకుంటూ, 74 ఖర్చవుతోందనుకుంటూ, నిజానికి 138 కడుతూ వచ్చారు. 106 మొత్తం కొనేవారి మీద వేస్తే ఆర్డర్లు తగ్గుతాయని ఆమె భయం, అది సబబైన భయమే. డెలివరీ రుసుము 100 చేసి, మిగతా 6 తన లాభంలోంచి పెట్టుకుంది. నోటి లెక్కలో ఉన్న 110 లేకపోయినా, 46 కంటే చాలా మెరుగు.

రోజువారీ పద్ధతిలో మార్పులు

రెండు రకాలకూ వేర్వేరు ఎస్‌కేయూ పేర్లు పెట్టించాను. కొలతల గడుల్లో నిజమైన బయటి కొలతలు ముందే నింపి ఉండేలా కొడుకు సర్దాడు. దీనివల్ల బుకింగ్ సమయంలోనే సరైన కిరాయి కోత పడుతుంది, తర్వాత కోసుకోవడానికి ఏమీ మిగలదు. వానాకాలంలో కవరు వేస్తే అంచు మడిచి పెట్టెకు అంటించి టేపు వేయాలన్నది ప్యాకింగ్ చేసే ఇద్దరికీ నోటితో చెప్పి, చేయించి చూపించాం.

ఫొటోల దగ్గర కొంత తర్జనభర్జన పడ్డాం. వివాదంలో నిలబడాలంటే నాలుగు ఫొటోలు కావాలి: కాటా మీద పార్సిల్, ఆపై పొడవు, వెడల్పు, ఎత్తులకు టేపు పెట్టి ఒక్కొక్కటి, నాలుగింటిలోనూ ఏడబ్ల్యూబీ నంబరు కనిపించేలా. పండగ రోజుల్లో నలభై పార్సిళ్లకు నూట అరవై ఫొటోలు ఎవరు తీస్తారు? తీసినా వారం తర్వాత ఏది ఎక్కడుందో ఎవరు వెతుకుతారు? చివరికి రకానికి ఒక్క పార్సిల్‌కు మాత్రం రోజూ నాలుగు ఫొటోలు, మిగతావాటికి లేబుల్ ఉన్న పైభాగం ఒక్కటే ఫొటో అని తేల్చాం. ఆ ఒక్క ఫొటో కూడా పనికిరావాలని, పెట్టె పైమూత మీద “26×19×13” అని పెద్ద అంకెల్లో ముద్ర వేయించాం. హబ్ తీసే ఫొటోలోనూ ఆ అంకెలు పడతాయి. కాటా కూడా మార్చారు. కిరాణా కొట్టు నుంచి ముద్ర ఉన్నది ఒకటి పాతది కొన్నారు.

గడువు విషయంలో నేను పట్టుబట్టింది ఒక్కటే: ప్రతి సోమవారం, గురువారం తేడాల నివేదిక తెరిచి చూడాలి. ఏడు పనిదినాల గడువులో అలా కనీసం రెండుసార్లు చూసినట్టవుతుంది. వెనక్కి వచ్చిన పార్సిళ్లను విడిగా చూడమన్నాను, ఎందుకంటే సవరించిన బరువునే తిరుగు కిరాయికి కూడా వేస్తారు. కొనేవారు తీసుకోని ఒక్క సీవోడీ (చేతికి అందాక డబ్బు ఇచ్చే) పార్సిల్‌లో పొరపాటు ఉంటే అది రెండుసార్లు కోత పడుతుంది.

మార్పుల తర్వాత గడిచిన మూడు నెలల్లో వచ్చిన తేడాలు 5. అందులో రెండు మా తప్పులు, పెట్టె మీద పెట్టె టేపు వేసి ఒకే చిరునామాకు పంపినవి. మూడింటికి ఫొటోలతో ఒక్కోదానికి విడిగా వివాదం వేస్తే, రెండింటికి నాలుగో రోజుకే డబ్బు తిరిగి పడింది. మూడోది ఇంకా తేలలేదు. హబ్ ఫొటోలో మా పెట్టె పక్కనే, బెల్టుకు ఆనుకుని, వేరే ఎవరిదో గోనెసంచి మూట కనిపిస్తోంది. రెండింటినీ కలిపి యంత్రం ఒకటిగా కొలిచిందని రాసి, ఫొటోలో మూతమీది అంకెల చుట్టూ ఎర్ర గీత గీసి పంపాను. జవాబు కోసం చూస్తున్నాం.